ఎర్ర చిరుకప్ప కోసం లా సెల్వానా, బొకాస్ దీవులా?

స్ట్రాబెర్రీ విషకప్ప పగటి జీవి. పొడవు రెండు సెంటీమీటర్లు, ఒళ్లంతా ఎరుపు, కోస్టారికా ఉత్తర భాగంలో కాళ్లు నీలం. సారపికీ ప్రాంతంలో అమ్మే నైట్ టూర్లలో ఎర్రకళ్ల చెట్టుకప్పలు బాగా కనిపిస్తాయి కానీ, దీనికోసమైతే ఆ డబ్బు దండగే. ఉదయం పూట, ముఖ్యంగా వాన పడ్డాక, కీచురాయిలా గీపెట్టే మగకప్పను వెతకాలి.

అందుకే సారపికీలోని లా సెల్వా అడవి పరిశోధన కేంద్రంలోనే బస చేయడం మేలు. ఒక్కపూట చూసి వెళ్లేవాళ్లు గైడు వెంటే నడవాలి; రాత్రి ఉండేవాళ్లు పగలు సొంతంగా బాటలు పట్టవచ్చు. గదులు సాదాసీదావి, భోజనం వేళకే. రాజధాని సాన్ హోసే నుంచి దగ్గరి ఊరు ప్వెర్తో వియెహోకు బస్సులో సుమారు రెండు గంటలు. 32వ నంబరు రోడ్డు మీద వానలకు కొండచరియలు పడి దారి మూసేస్తుంటారు కాబట్టి, తిరుగు విమానం అదే రోజుకు పెట్టుకోవద్దు.

పడిపోయిన దుంగలు, చెట్ల మొదళ్లలో లేచిన పలక వేర్లు, పాత కోకో తోటల్లో మందంగా పేరుకున్న ఆకులు: వెతకాల్సింది అక్కడే. మగకప్ప తన చిన్న జాగా వదలదు. బెదిరి దిగిపోయినా, మీరు రెండు మీటర్ల దూరంలో కదలకుండా కూర్చుంటే మళ్లీ అదే దుంగ ఎక్కుతుంది. ఆకులు మాత్రం తిరగేయకండి. వాటి మీదే మూడు నుంచి అయిదు గుడ్లుంటాయి, మగకప్ప వాటిని తడుపుతూ ఉంటుంది. పొదిగాక తల్లి తోకకప్పలను వీపున మోసుకెళ్లి, బ్రొమీలియాడ్ అనే అనాస జాతి మొక్క ఆకుల మొదట నిలిచిన నీటిలో ఒక్కోదాన్ని ఒక్కోచోట వదులుతుంది. తర్వాత వచ్చి ఫలదీకరణ చెందని గుడ్లు పెడుతుంది, వాటికి అదే తిండి. ఆ నీటిలో వేలు పెట్టి చూడటం క్షమించరాని పని. ఈ అడవిలో నేలమీది ఉభయచరాలు 1970 నుంచి దాదాపు 75 శాతం తగ్గాయని 2007లో వెలువడిన అధ్యయనం చెప్పింది. నేల మీద ఆకుల పొర పలచబడటం ఒక కారణం కావచ్చని పరిశోధకుల అంచనా.

రంగుల తేడా చూడాలనుకుంటే పనామాలోని బొకాస్ డెల్ తోరో దీవులకే వెళ్లాలి. బాస్తిమెంతోస్‌లో ఎరుపు మీద నల్లచుక్కలు, సొలార్తేలో నారింజ, కొలోన్‌లో ఆకుపచ్చ కలిసిన పసుపు. జాతి మాత్రం ఒక్కటే! తీరంలోని అల్మిరాంతే ఊరి నుంచి పడవ దొరుకుతుంది. దీవుల మధ్య తిరిగే పడవవాళ్లతో తిరుగు వేళ ముందే మాట్లాడుకోండి, చిల్లర డాలర్లు ఉంచుకోండి. పనామా గడియారం కోస్టారికా కన్నా గంట ముందుంటుంది. రెడ్ ఫ్రాగ్ బీచ్ దగ్గర ఎవరైనా కప్పను ఆకులో పట్టుకొచ్చి ఫొటో తీసుకోమంటే డబ్బివ్వకండి. ఇస్తే ఇంకోదాన్ని పడతారు.

దోమల మందు రాసుకున్న చేత్తో కప్పను తాకవద్దు, దాని చర్మం మందును పీల్చేస్తుంది. దాని విషం పురుగులు, చీమలు తిని పోగేసుకున్నది; చేయి తగిలితే వెంటనే కడుక్కోండి. రబ్బరు బూట్లు తప్పనిసరి. చెట్టుకు చేయి ఆనించే ముందు చూసుకోండి, అక్కడి బుల్లెట్ చీమ కుడితే నొప్పి గంటల తరబడి తగ్గదు.