టెలిస్కోపు ఫైబర్ కేబుళ్లు: డ్రాయింగ్ ఒకటే, తీరు మాత్రం ఒక్కోదానిది ఒక్కోలా

నక్షత్రాల వెలుగుని రంగులుగా విడదీసే మా స్పెక్ట్రోగ్రాఫ్ కోసం, 100 మైక్రాన్ల కోరు (వెలుగు నడిచే మధ్య భాగం) ఉన్న ఫైబర్ కేబుళ్లు రెండు డజన్లు చేయించుకున్నాం. కంపెనీ పేరు రాయను. పని రానివాళ్లయితే కాదు. ఫెర్రూల్ (ఫైబర్ కొసని పట్టి ఉంచే చిన్న గొట్టం) చివరలు మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ఒక్క గీత లేదు, అంచున పెచ్చు కూడా ఊడలేదు. పాలిషింగ్‌కి వంక పెట్టలేం.

చిక్కంతా టెస్టు రిపోర్టులో ఉంది. ఏ కేబుల్‌కి వెలుగులో ఎన్ని డీబీల (డెసిబెళ్ల) నష్టమో రాసిచ్చారు, అంతే. టెలికాం వాళ్లకి అది చాలు. మాకు మాత్రం వెలుగు ఎంత కోణంలో బయటికొస్తోందన్నది కూడా కావాలి. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ వెలుగు కోణం వెడల్పవుతుంది. ఎఫ్/4తో పంపిన కాంతి ఎఫ్/3.5గా విచ్చుకుని వస్తే, అంచున ఉన్నదంతా కొలిమేటర్‌కి (వెలుగుని సమాంతరంగా మలిచే భాగానికి) అందకుండా పక్కకి పోతుంది. ఇలా విచ్చుకోవడాన్నే ఎఫ్ఆర్‌డీ (ఫోకల్ రేషియో డిగ్రడేషన్) అంటాం. పవర్ మీటరు వచ్చిన వెలుగంతా కలిపి కొలుస్తుంది కాబట్టి దానికిది దొరకదు.

అందుకని లేజర్‌ని కాస్త వాలుగా కొట్టి, అవతలి చివర తెల్లకాగితం పెట్టి చూశాం. వలయంలా వెలుగు పడుతుంది. అది ఎంత మందంగా ఉంటే వెలుగు అంత ఎక్కువ విచ్చుకుంటున్నట్టు. కొన్నింటికి మట్టిగాజంత సన్నగా వచ్చింది, కొన్నింటికి కడియమంత మందంగా! ఫైబర్ చూస్తే అన్నింటికీ ఒకే రీలుది.

ఫోన్ చేసి అడిగితే, త్వరగా అయిపోతుందని ఫైబర్‌ని ఫెర్రూల్‌లో అంటించే ఎపాక్సీ జిగురుని ఓవెన్‌లో గట్టిపరిచామన్నారు. అది చల్లారాక ముడుచుకుని ఫైబర్‌ని నొక్కుతుంది. చలికాలంలో మైనస్ 20 దాటే లద్దాఖ్‌లోని హాన్లే అబ్జర్వేటరీ లాంటి చోట ఇంకా గట్టిగా నొక్కుతుంది. మెచ్చుకోవాల్సిందేమిటంటే, వాదన పెట్టుకోలేదు. వెనక్కి తీసుకుని, మామూలు గది వేడిలో నెమ్మదిగా ఆరే జిగురుతో మళ్లీ చేసిచ్చారు. పైసా అదనంగా అడగలేదు. ఈసారి వలయాలన్నీ దాదాపు ఒకే మందం.

ఇంత పట్టుదల దేనికంటే, ఒక ఫైబర్ నక్షత్రం మీద ఉంటే ఇంకొకటి ఖాళీ ఆకాశం మీద ఉంటుంది. రెండూ ఒకేలా లేకపోతే ఆకాశపు వెలుగుని తీసేసే లెక్క తేడా కొడుతుంది. అమెరికాలో అరిజోనా కిట్ పీక్ అబ్జర్వేటరీలోని డెసీ అనే స్పెక్ట్రోగ్రాఫ్ పరికరానికి ఇలాంటివి 5000 ఫైబర్లు, 107 మైక్రాన్ల కోరువి. అన్నీ ఒక్క తీరున తయారుచేసిన వాళ్లకి దండం పెట్టాలి. మాకు రెండు డజన్లకే తల ప్రాణం తోకకొచ్చింది.

నాలుగు స్టార్లు. ఎఫ్ఆర్‌డీ కొలిచే ఏర్పాటు వాళ్ల దగ్గర లేదు, మనమే చూసుకోవాలి. కాబట్టి డబ్బులో కొంత ఆ టెస్టు అయ్యాకే ఇస్తామని కొటేషన్ దశలోనే మాట్లాడుకోండి.