ల్యాబ్‌లో నెట్‌వర్క్ బూట్‌కి మైక్రోటిక్ హెక్స్ రౌటర్: ధైర్యంగా తీసుకోవచ్చు

పెన్‌డ్రైవ్ పట్టుకుని ఒక్కో సిస్టమ్ దగ్గరికీ తిరుగుతూ ఓఎస్ ఎక్కించే వాళ్ల కోసం ఇది రాస్తున్నా. నెట్‌వర్క్ బూట్ అంటే పెన్‌డ్రైవ్ లేకుండా నెట్‌వర్క్ కేబుల్ మీంచే ఇన్‌స్టాలర్ మొదలవడం. మా ల్యాబ్‌లో వాడుతున్నది హెక్స్ ఆర్‌బీ750జీఆర్3. ఐదు గిగాబిట్ పోర్టులు, 256 ఎంబీ ర్యామ్, మైక్రో ఎస్‌డీ స్లాట్. వైఫై లేదు, ల్యాబ్‌కి దాంతో పనీ లేదు.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఏ పోర్టు ఏం చేయాలో పూర్తిగా మన చేతిలో ఉంటుంది. మొదటి పోర్టు ఇంటర్నెట్ లైన్‌కి వదిలేసి, రెండు నుంచి నాలుగు వరకు ఒక బ్రిడ్జిలో (పోర్టుల్ని ఒకే నెట్‌వర్క్‌గా కలిపేది) కలిపి ల్యాబ్ స్విచ్‌లకి ఇచ్చి, ఐదో దాన్ని వేరే సబ్‌నెట్‌తో (విడి అడ్రస్‌ల గుంపుతో) ఆఫీసుకి పెట్టాం. నెక్స్ట్ సర్వర్ (బూట్ ఫైల్ దొరికే సర్వర్ అడ్రస్), బూట్ ఫైల్ (సిస్టమ్ మొదట లోడ్ చేసుకునే ఫైల్) పేరు ల్యాబ్ నెట్‌వర్క్‌కి మాత్రమే ఇచ్చాం కాబట్టి, ఆఫీసులో ఎవరైనా పొరపాటున నెట్‌వర్క్ బూట్ నొక్కినా వాళ్ల సిస్టమ్‌లో ఇన్‌స్టాలర్ మొదలవదు. అకౌంట్స్ డేటా ఉన్న చోట ఎంత టెన్షన్ తగ్గుతుందో చెప్పలేను!

ఐపీ అడ్రస్, డీహెచ్‌సీపీ సర్వర్ (సిస్టమ్‌లకి అడ్రస్‌లు పంచేది) రెండూ బ్రిడ్జి మీదే పెట్టండి, దాంట్లో చేరిన పోర్టు మీద పెడితే డీహెచ్‌సీపీ ఇన్‌వాలిడ్ అని చూపిస్తుంది. పాత బయాస్ సిస్టమ్‌లకి ఒక బూట్ ఫైల్, యూఈఎఫ్ఐ (బయాస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) వాటికి ఇంకొకటి కావాలి కదా, సిస్టమ్ తాను ఏ రకమో డీహెచ్‌సీపీ ఆప్షన్ 93లో చెప్తుంది, రౌటర్ ఓఎస్ 7లో (మైక్రోటిక్ రౌటర్ సాఫ్ట్‌వేర్) ఉన్న మ్యాచర్ అనే సెట్టింగ్ దాన్ని చూసి తగిన ఫైల్ పేరు పంపిస్తుంది. మధ్యలో మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగ్‌లు మార్చుకోగలిగే స్విచ్) ఉంటే సిస్టమ్‌లు తగిలించిన పోర్టుల్ని ఎడ్జ్ పోర్టులుగా (ఆగకుండా వెంటనే తెరుచుకునేలా) మార్చండి. పాత స్పానింగ్ ట్రీ (కేబుళ్లలో లూప్ పడకుండా స్విచ్ చూసుకునే పద్ధతి) పోర్టు తెరవడానికి 30 సెకన్లు తీసుకుంటుంది, ఈలోపు కొన్ని సిస్టమ్‌లు అడ్రస్ రాలేదని చేతులెత్తేస్తాయి.

లోటు స్టోరేజీ. 16 ఎంబీనే, అందులో సింహభాగం ఓఎస్‌దే. టీఎఫ్‌టీపీ సర్వర్ (బూట్ ఫైల్‌ని సిస్టమ్‌కి పంపేది) రౌటర్‌లోనే ఉంది గానీ చిన్న ఐపీఎక్స్ఈ (నెట్‌వర్క్ బూట్ ప్రోగ్రామ్) ఫైల్ వరకే దాన్ని వాడండి. టీఎఫ్‌టీపీ మామూలుగా ఒక్కో ముక్క పంపి జవాబు వచ్చేదాకా ఆగుతుంది, దాని మీద పెద్ద ఇమేజ్ లాగడం నరకం. ఇమేజ్‌లు (ఓఎస్ ఇన్‌స్టాల్ ఫైళ్లు) ఒక పాత పీసీలో పెట్టి హెచ్‌టీటీపీ (వెబ్‌సైట్లు వాడే పద్ధతి) మీద ఇస్తే హాయిగా నడుస్తుంది.

ఇప్పుడు కొనేవాళ్లు 2024లో వచ్చిన కొత్త హెక్స్ కూడా చూడండి, అందులో 512 ఎంబీ ర్యామ్, 128 ఎంబీ స్టోరేజీ ఉన్నాయి.