ప్రోటీన్ రూపం చూడాలంటే ఏది మేలు: క్రిస్టలా, క్రయో-ఈఎమ్మా, ఆల్ఫాఫోల్డా?

నేను చూసిన మొదటి ప్రోటీన్ క్రిస్టల్ కోడిగుడ్డు తెల్లసొనలోది. దాని పేరు లైసోజైమ్. ప్లాస్టిక్ ప్లేటులో 24 గుంటలు, ఒక్కో గుంటలో అర మిల్లీలీటరు ఉప్పు ద్రావణం. గుంట అంచుకి గ్రీజు రాయాలి. సన్నటి గాజుబిళ్ల మీద 2 మైక్రోలీటర్ల ప్రోటీన్, 2 మైక్రోలీటర్ల ఉప్పు ద్రావణం కలిపి, బిళ్లను తిరగేసి గుంట మీద మూతలా పెట్టాలి. చుక్క కిందికి వేలాడుతూ ఉండిపోతుంది. గుంటలోని ద్రావణం చుక్క కంటే చిక్కన కాబట్టి చుక్కలోని నీరు మెల్లమెల్లగా ఆవిరై గుంటలోకి చేరుతుంది. ప్రోటీన్ చిక్కబడుతూ పోయి, ఒక దశలో అణువులు వరస కట్టి పేరుకుంటాయి. మర్నాడు పొద్దున మైక్రోస్కోపు కింద పెడితే పటికబెల్లం ముక్కల్లా, పదునైన అంచులతో మెరుస్తూ కనిపించాయి. ఆ రోజు టిఫిన్ కూడా చెయ్యలేదు, చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు ఎమ్మెస్సీ బయోటెక్ చదివే పిల్లలు నన్ను అడిగేది ఒకటే. "సార్, ఆల్ఫాఫోల్డ్‌లో వరుస పేస్ట్ చేస్తే కాసేపట్లో బొమ్మ వచ్చేస్తోంది కదా, ఇంకా ఈ చుక్కలు, ప్లేట్లు ఎందుకు?" ఆల్ఫాఫోల్డ్ అంటే ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లాల వరుసను బట్టి దాని రూపాన్ని ఊహించే కంప్యూటర్ ప్రోగ్రామ్. అడగాల్సిన ప్రశ్నే. పీహెచ్‌డీలో ఐదేళ్లు దేని మీద పెట్టాలో తేల్చుకోవాల్సిన వాళ్లకి ఇది టెన్షన్ పెట్టే ప్రశ్న కూడా. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ప్రోటీన్ అంటే 20 రకాల అమైనో ఆమ్లాలతో గుచ్చిన దండ. ఆ దండ తనంతట తాను ముడుచుకుని ఒక రూపానికి వస్తుంది. చాలా ప్రోటీన్లకి పని చేసే శక్తి ఆ రూపం వల్లే వస్తుంది. ఆ రూపం చూడాలంటే పరమాణువుల స్థాయికి దిగాలి. రెండు కార్బన్ పరమాణువుల మధ్య దూరం దాదాపు 1.5 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే సెంటీమీటరును పది కోట్ల ముక్కలు చేస్తే ఒకటిన్నర ముక్క. మన కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం 4000 ఆంగ్‌స్ట్రామ్‌ల పైమాటే. దాంతో పరమాణువును చూడబోవడం గడ్డపారతో ముత్యాలు గుచ్చబోవడం లాంటిది. ఎక్స్‌రేల తరంగదైర్ఘ్యం సరిగ్గా ఈ కొలతలో ఉంటుంది. అయితే ఒక్క అణువు మీద పడి చెదిరే ఎక్స్‌రేలు లెక్కలోకి రానంత తక్కువ. కోటానుకోట్ల అణువులు ఒకే తీరున వరసలో నిలబడితేనే ఆ చెదురు కలిసి, బలపడి, చుక్కల నమూనాగా నమోదవుతుంది. ఆ వరసే క్రిస్టల్.

ఈ దారి వేసినవాళ్లు పడ్డ శ్రమ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కేంబ్రిడ్జిలో మాక్స్ పెరుట్జ్ 1937లో హిమోగ్లోబిన్ క్రిస్టళ్ల పని మొదలుపెట్టాడు. రూపం బయటపడింది 1960లో. ఈలోగా ఆయన సహచరుడు జాన్ కెండ్రూ 153 అమైనో ఆమ్లాల మయోగ్లోబిన్‌ను 1958లో చూపించాడు. ఇద్దరికీ 1962లో నోబెల్ వచ్చింది. ఇంత ఆలస్యానికి ఒక అసలు కారణం ఉంది. చుక్కల ప్రకాశం కొలవగలం గానీ ఆ కిరణాల దశ, అంటే ఏ తరంగం ఎంత ముందూ వెనకా వచ్చిందన్నది ఫిల్ములో నమోదు కాదు. సగం సమాచారం పోయినట్టే. ప్రోటీన్‌కి పాదరసం లాంటి బరువైన పరమాణువును అంటించి, రెండు నమూనాల్ని పోల్చి ఆ దశను రాబట్టే ఉపాయాన్ని పెరుట్జ్ 1953లో సాధించాడు.

క్రిస్టల్ ఇచ్చేంత కచ్చితత్వం ఎందుకు కావాలో ఒక మందు సాయంతో చెబుతాను. కాన్సర్‌కీ, కీళ్లవాతానికీ ఇచ్చే మెథోట్రెక్సేట్ చాలామందికి తెలిసిన పేరే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధక బృందం నుంచి వచ్చిన మందు అది. అచ్చం ఫోలిక్ ఆమ్లంలా కనిపించి, ఆ ఆమ్లాన్ని వాడుకునే ఎంజైమ్‌ను పట్టేస్తుంది. అంత పోలిక ఉంది కాబట్టి ఎంజైమ్ గూటిలో ఫోలిక్ ఆమ్లం కూర్చున్నట్టే ఇదీ కూర్చుంటుందని ఎవరైనా అనుకుంటారు. 1977లో మందుతో సహా ఎంజైమ్ క్రిస్టల్ నిర్మాణం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన నిర్మాణాలతో కలిపి చూస్తే, మందులోని జంట వలయాల భాగం 180 డిగ్రీలు తిరగబడి కూర్చుని ఉంది. పోలికను బట్టి ఊహించినవాళ్లు పొరబడేవాళ్లే. ఒక మందు ఏ మూల ఏ పరమాణువును తాకుతోంది, మధ్యలో నీటి అణువు ఉందా లేదా అన్నది మీ ప్రశ్న అయితే, నా దృష్టిలో ఇవాళ్టికీ క్రిస్టల్‌దే పైచేయి.

కానీ క్రిస్టల్ రావాలి కదా. అక్కడే గుండె జారిపోతుంది. లైసోజైమ్ ఒక్క రాత్రిలో వస్తుంది, అన్నీ అంత మంచివి కావు. నేను ఒక ప్రోటీన్ మీద 14 నెలలు కూర్చున్నాను. వందల కొద్దీ చుక్కల్లో ఉప్పు, పీహెచ్, ఉష్ణోగ్రత మార్చి మార్చి చూశాను. ఒకరోజు అందమైన క్రిస్టళ్లు కనిపించాయి. సన్నటి సూదితో పొడిచి చూస్తే చిటుక్కుమని గట్టిగా విరిగింది. ప్రోటీన్ క్రిస్టల్‌లో దాదాపు సగం నీరే ఉంటుంది, అది మెత్తగా చితకాలి. నాకు వచ్చింది ఉప్పు. ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

ఇలా మొండికేసే ప్రోటీన్లలో ముందు వరసలో ఉండేవి కణం పొరలో ఇరుక్కుని ఉండేవి. మిరపకాయ కొరికితే "నోరు మండింది" అంటాం, వేడి వేడి పాలు తాగినా "నోరు కాలింది, మండుతోంది" అంటాం. ఆ మాటలో నిజం ఉంది. మిరపలోని కాప్సైసిన్‌నీ, 43 డిగ్రీలు దాటిన వేడినీ పసిగట్టేది నాడీకణం పొరలోని ఒకే ప్రోటీన్, ట్రిప్‌వీ1. దాని జన్యువును డేవిడ్ జూలియస్ బృందం 1997లో పట్టుకుంది. ఇలాంటి పొర ప్రోటీన్లను పొరలోంచి బయటికి తీసి క్రిస్టల్‌గా పేర్చడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. చివరికి 2013లో జూలియస్, యిఫాన్ చెంగ్ బృందాలు క్రిస్టల్ ఊసే లేకుండా క్రయో-ఈఎంతో, అంటే గడ్డకట్టించిన ప్రోటీన్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసే పద్ధతితో, 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో దాన్ని చూపించాయి. నాలుగు ఒకేలాంటి ముక్కలు మధ్యలో ఒక దారి వదిలి చుట్టూ నిలబడి ఉన్నాయి. కాప్సైసిన్ పట్టుకున్నప్పుడు ఆ దారి ఎలా మారుతుందో కూడా కనిపించింది. కారం తినే ప్రతి ఇంట్లోనూ చెప్పుకోదగ్గ సంగతి ఇది.

క్రయో-ఈఎంలో జరిగేది ఇది. 3 మిల్లీమీటర్ల లోహపు జల్లెడ మీద 3 మైక్రోలీటర్ల ప్రోటీన్ ద్రావణం వేసి, ఎక్కువైన నీటిని అద్దుడు కాగితంతో పీల్చేసి, అదే క్షణంలో ద్రవ ఈథేన్‌లో ముంచేస్తారు. నీరు మంచు పలుకులుగా మారే వ్యవధి కూడా దొరకదు, గాజులా బిగుసుకుపోతుంది. అందులో ప్రోటీన్లు తలో దిక్కుకు తిరిగి చిక్కుకుంటాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో లక్షల అణువుల ఫొటోలు తీస్తారు. ఎలక్ట్రాన్లు ఎక్కువ వాడితే ప్రోటీన్ మాడిపోతుంది కాబట్టి ఒక్కో ఫొటో ఇసుక తుఫానులో తీసినట్టు ఉంటుంది. ఒకే వైపు తిరిగిన వాటిని కంప్యూటర్ ఏరి, కలిపి, మసకను తొలగించి, అన్ని వైపుల బొమ్మల నుంచి రూపం కడుతుంది. దుబోషె, ఫ్రాంక్, హెండర్సన్‌లకు 2017 నోబెల్ దీనికే.

దీని ఇబ్బందులు వేరు. చిన్న ప్రోటీన్లు ఆ మసకలో కలిసిపోతాయి. సుమారు 50 కిలోడాల్టన్ల (అణువు బరువుకి వాడే కొలత) లోపు వాటితో పని చాలా కష్టం. మంచి మైక్రోస్కోపు కోట్లలో ఖరీదు. మన దేశంలో బెంగళూరులో జాతీయ కేంద్రం లాంటి కొన్ని చోట్లే పెద్దవి ఉన్నాయి, వాటి మీద సమయం దొరకాలి. క్రిస్టల్ ప్లేటు వేయడానికి మాత్రం జిల్లా కేంద్రంలోని ల్యాబ్ కూడా సరిపోతుంది. క్రిస్టల్ వచ్చాక ఇండోర్‌లో బలమైన ఎక్స్‌రేలు ఇచ్చే ఇండస్-2 సింక్రోట్రాన్‌కి తీసుకెళ్లే వీలుంది.

ఈ రెండు దారుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలంటే 2020 ఫిబ్రవరి చాలు. జనవరిలో కరోనా వైరస్ జన్యుక్రమం బయటికి వచ్చింది. ఆ మరుసటి నెలలోనే ఒకే వైరస్‌లోని రెండు ప్రోటీన్లు రెండు వేర్వేరు దారుల్లో కనిపించాయి. స్పైక్ ప్రోటీన్ పెద్దది, ఒంటి నిండా చక్కెర గొలుసులు, పైభాగం ఊగుతూ ఉంటుంది. టెక్సాస్‌లో జేసన్ మెక్‌లెల్లన్ బృందం దాన్ని క్రయో-ఈఎంతోనే పట్టుకుంది. వైరస్‌కి కత్తెరలా పనిచేసే ప్రోటీయేజ్ చిన్నది, బిగుతైనది, బుద్ధిగా క్రిస్టల్ అయ్యేది. దాన్ని చైనాలో ఎక్స్‌రేలతో తేల్చారు. ప్రోటీన్ స్వభావమే దారిని ఎంచింది.

ఎన్‌ఎంఆర్ (న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్) గురించి రెండు మాటలు. గట్టి అయస్కాంతంలో, నీళ్లలోనే ఉన్న ప్రోటీన్‌ను చూసే పద్ధతి ఇది. కుర్ట్ వూత్రిచ్‌కి 2002లో నోబెల్ తెచ్చింది. సుమారు 30 కిలోడాల్టన్లు దాటితే సంకేతాలు ఒకదాని మీద ఒకటి పడి కష్టమవుతుంది. అయినా నిలకడ రూపమే లేని ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి, పార్కిన్‌సన్స్ వ్యాధితో ముడిపడ్డ ఆల్ఫా-సిన్యూక్లిన్ లాంటివి. వాటి కదలికను ద్రావణంలో పరమాణువు పరమాణువుగా చెప్పాలంటే ఎన్‌ఎంఆర్‌ను మించింది నాకు కనిపించలేదు. మీది అలాంటి ప్రోటీన్ అయితే క్రిస్టల్ కోసం ఏళ్లు పోగొట్టుకోకండి.

ఇక ఆల్ఫాఫోల్డ్. 2020 నవంబరులో, ప్రోటీన్ రూపాల్ని ముందే ఊహించే కాస్ప్ పోటీలో ఆల్ఫాఫోల్డ్ 2 చూపించిన ఫలితాలు అందర్నీ కదిలించాయి. 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రోటీన్ల రూపాలు ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. 2024లో ఆల్ఫాఫోల్డ్‌కి హసాబిస్, జంపర్‌లకు, ప్రోటీన్ల డిజైన్‌కి డేవిడ్ బేకర్‌కి నోబెల్. ఇది గొప్ప పని, అందులో నాకు రెండో మాట లేదు. ఇంటర్నెట్ ఉన్న ఏ డిగ్రీ కాలేజీ విద్యార్థి అయినా తన ప్రోటీన్ బొమ్మను ఈ రాత్రికి చూడగలడు. మా తరానికి అది కల. పైగా ఇప్పుడు క్రిస్టల్ చేసేవాళ్లు కూడా పోయిన దశను రాబట్టడానికి ఆల్ఫాఫోల్డ్ బొమ్మనే మొదటి నమూనాగా వాడుతున్నారు. పాదరసంతో పెరుట్జ్ పడ్డ అవస్థ చాలామందికి తప్పింది.

కానీ బొమ్మ తెరవగానే రంగులు చూడండి. ముదురు నీలం అంటే ప్రోగ్రామ్‌కి నమ్మకం వందకి 90 దాటింది. నారింజ అంటే 50 లోపు, ఆ భాగాన్ని రూపంగా లెక్కించకూడదు. సెమినార్లలో నారింజ రిబ్బన్లకి బాణం గుర్తులు పెట్టి "ఇక్కడ మందు అతుక్కుంటుంది" అని చెప్పడం విన్నాను. బాధ వేసింది.

నీలం ఉన్నచోట కూడా ఒక హద్దు ఉంది. పాడేరు, అరకు, ఆదిలాబాద్ వైపు ఆదివాసీ గూడేల్లో సికిల్ సెల్ జబ్బుతో పిల్లలు పడే నొప్పి చూసినవాళ్లకి ఈ ఉదాహరణ మనసుకి పడుతుంది. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో 6వ చోట గ్లుటామిక్ ఆమ్లం బదులు వేలిన్ వస్తుంది, అంతే తేడా. ఆ వరుసను ఆల్ఫాఫోల్డ్‌కి ఇస్తే మామూలు హిమోగ్లోబిన్ లాంటి బొమ్మే ఇస్తుంది. అది తప్పు కాదు, విడి అణువు రూపం నిజంగానే పెద్దగా మారదు. జబ్బు ఉన్నది వేరే చోట. ఆక్సిజన్ వదిలేశాక ఆ వేలిన్ పక్క అణువులోని నూనె గుణమున్న చిన్న గుంటలోకి దూరుతుంది. ఆ అణువు ఇంకోదాన్ని పట్టుకుంటుంది. అలా తాళ్లు పేనినట్టు పొడవాటి పోగులు కట్టి ఎర్రకణాన్ని కొడవలిలా వంచేస్తాయి. ఏ వేలిన్ ఏ గుంటలో దూరిందో చూపించింది ఆక్సిజన్ వదిలిన సికిల్ హిమోగ్లోబిన్ క్రిస్టల్. ఒక్క అక్షరం మారితే ఏమవుతుంది, మందు కూర్చుంటే ఏమవుతుంది, పక్కవాడు వస్తే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు ఆల్ఫాఫోల్డ్ జవాబును ఊహగానే తీసుకోవాలి. 2024లో వచ్చిన ఆల్ఫాఫోల్డ్ 3 మందుల్నీ, డీఎన్ఏనీ కూడా కలిపి చూపిస్తుంది. అయినా ప్రయోగంతో సరిచూసుకోవాల్సిందే.

ఆల్ఫాఫోల్డ్ ఇదంతా ఎక్కడ నేర్చుకుంది? 1971లో కేవలం 7 నిర్మాణాలతో మొదలై ఇప్పుడు 2 లక్షలు దాటిన ప్రోటీన్ డేటా బ్యాంక్ నుంచి. అందులో అత్యధికం క్రిస్టల్ దారిలో వచ్చినవే. ఏ దారిలో వచ్చిన రూపమైనా సరిగ్గా ఉందా లేదా అని ముందుగా చూసే పరీక్షల్లో ఒకటి మన మద్రాసులో పుట్టింది. 1963లో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్‌లు గీసిన పటం అది. ప్రోటీన్ వెన్నెముక ఏ కోణాల్లో వంగగలదో, ఏ కోణాల్లో పరమాణువులు ఢీకొంటాయో లెక్కగట్టి చెప్పారు. ఆల్ఫాఫోల్డ్ బొమ్మను కూడా ఒకసారి ఆ పటం మీద వేసి చూడండి.

నన్ను అడిగితే వరస ఇలా పెట్టుకుంటాను. మొదటి రోజు ఆల్ఫాఫోల్డ్. నారింజ తోకలు ఎక్కడున్నాయో చూసి, జన్యువులో వాటిని కత్తిరించి ప్రోటీన్ తయారు చేస్తాను, అవి లేకపోతే క్రిస్టల్ తేలిగ్గా వస్తుంది. చిన్నదీ, బిగుతైనదీ, మందు ప్రశ్న ఉన్నదీ అయితే ఆరు నెలలు క్రిస్టల్ ప్లేట్లు. పొర ప్రోటీన్ అయినా, వంద కిలోడాల్టన్లు దాటినా నేరుగా క్రయో-ఈఎం ఉన్నవాళ్లతో చేతులు కలుపుతాను. పీహెచ్‌డీలో చేరే పిల్లలకు మాత్రం ముందు క్రిస్టల్ పనే నేర్చుకోమంటాను. క్రిస్టల్ కోసం తంటాలు పడేవాడికి ప్రోటీన్‌ను శుద్ధి చేయడం వచ్చి తీరుతుంది. ఆ విద్య ఎన్‌ఎంఆర్‌కీ కావాలి, క్రయో-ఈఎంకీ కావాలి. కోల్డ్ రూములో స్వెట్టర్ వేసుకుని, కాలమ్ నుంచి చుక్క చుక్కగా పట్టి, జెల్ మీద పోసి, రంగు వేసి కడిగాక రెండు గీతలు కనిపిస్తే ఇంకో ప్రోటీన్ కలిసి ఉన్నట్టే, మళ్లీ మొదటికి వెళ్లాలి. ఒక్కటే గీత కనిపించిన రోజు నాకు ఫోన్ చెయ్యండి, ప్లేటు ఎలా వేయాలో కూర్చుని మాట్లాడుకుందాం.