పర్లాకిమిడి కొండదారుల్లో నా ఎక్సెల్ 100

మాది ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి. చీరలు, నైటీలు, జాకెట్టు గుడ్డలు, పిల్లల బట్టలు మూట కట్టుకుని గుమ్మ, సెరంగో వైపు కొండల్లో సవర గిరిజనుల ఊళ్లలో తిరిగి అమ్ముతాను. 2021లో టీవీఎస్ ఎక్సెల్ 100 హెవీ డ్యూటీ కొన్నాను. ఓడీ 20 అని మా జిల్లా నంబరు ప్లేటుతో బండి ఇంటికి వచ్చిన రోజు, వీధి చివర టీ కొట్టు బాబాయి చూసి "ఇదేటమ్మా, పాలోళ్ల బండి కొన్నావు? ఆడోళ్లకి స్కూటీ బాగుంటాది కదా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. స్కూటీ మంచి బండే, మా ఆడపడుచుకి ఉంది. కానీ వానలకి కంకర లేచిపోయిన ఘాట్ రోడ్డు మీద దాని చిన్న చక్రాలు గుంటలో పడి లేచిన ప్రతిసారీ నా ప్రాణం పోయి వచ్చేది. ఎక్సెల్‌కి 16 అంగుళాల చక్రాలు. గుంటలోకి దిగినా దాటుకుని పోతుంది.

అసలు ఈ బండిని నేను ఇష్టపడేది దానిలో ఉన్న ఖాళీ కోసం. మోటార్ సైకిల్‌కి ట్యాంకు ఉండే చోట దీనికి ఏమీ లేదు. ట్యాంకు సీటు దగ్గరే కిందుగా ఒదిగి ఉంటుంది. చీర కట్టుకుని కాలు పైకెత్తి తిప్పక్కర్లేదు, అరుగు ఎక్కినట్టు ఎక్కి కూర్చుంటాను. చీరల మూట ఫుట్‌బోర్డు మీద నిలబెడతాను. బరువంతా నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి మలుపుల్లో బండి ఒరగదు. వెనక సీటు తీసేసి నైటీల మూట అక్కడ పడుకోబెట్టి, పాత సైకిల్ ట్యూబు కోసిన పట్టీలతో అడ్డంగా రెండు, నిలువుగా ఒకటి బిగిస్తాను. తాడైతే కుదుపులకి వదులవుతుంది, ట్యూబు పట్టీ మూటతో పాటే సాగి మళ్లీ పట్టుకుంటుంది. కంపెనీ చెప్పే మోత 130 కిలోలు. నాతో కలిపి అది దాటకుండా చూసుకుంటాను. పాలవాళ్లూ చేపలవాళ్లూ ఎంతెంత వేస్తారో మీకు తెలుసు, ఆ పని చెయ్యకండి.

ఇలా కాళ్ల ముందు ఖాళీ ఉంచిన బళ్లకి పెద్దన్న జపాన్‌లో 1958లో వచ్చిన హోండా సూపర్ కబ్. ఇళ్లకి సోబా నూడుల్స్ అందించే కుర్రాళ్లు పళ్లెం ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో నడపగలగాలని దానికి క్లచ్ లీవరు తీసేశారు. 2017కల్లా అవి 10 కోట్లు తయారయ్యాయి. మన దగ్గర 1980లో టీవీఎస్ 50 వచ్చింది. మా నాన్నకి ఉండేది. పెట్రోలు అయిపోతే పెడల్ తొక్కుకుంటూ ఇంటికి వచ్చేవాడు, నేను వెనక కూర్చుని నవ్వేదాన్ని.

సూపర్ కబ్‌కి క్లచ్ లీవరు లేకపోయినా గేర్లు ఉన్నాయి. మా ఎక్సెల్‌కి గేరు ఒక్కటే, యాక్సిలరేటర్ తిప్పితే క్లచ్ దానంతటదే పట్టుకుంటుంది. చదునులో ఇదే సుఖం. కొండ మీద మాత్రం ఈ తేడా తెలుసుకుని నడపాలి. ఇంజన్ 99.7 సీసీ. నిండు మూటలతో ఘాట్ ఎక్కేటప్పుడు నెమ్మదిగా, ఊపు తగ్గకుండా పోవాలి, మధ్యలో ఆగితే మళ్లీ కదలడానికి కష్టపడుతుంది. దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. తగ్గించుకోవడానికి చిన్న గేరు లేదు, వేగం బాగా తగ్గితే క్లచ్ వదిలేసి బండి ఊరికే జారుతుంది. బ్రేకులే దిక్కు, అవి రెండూ డ్రమ్ములే. నేను వాటిని గట్టిగా పట్టి వదులుతూ దిగుతాను, దారంతా నొక్కి ఉంచను.

మొదటి ఏడాది ఒక చోట సర్వీసింగ్ చేయించి అటు నుంచి అటే గుమ్మ వైపు బయల్దేరాను. సగం ఎక్కేసరికి బండి లాగడం లేదు. ఏదో కాలుతున్న వాసన. దిగి వెనక డ్రమ్ము దగ్గర చెయ్యి పెడితే సెగ కొట్టింది. వెనక బ్రేకు బిగించేసి వదిలేశారు, చక్రం రాసుకుంటూనే తిరుగుతోంది. నాకు ఏడుపొచ్చింది. అప్పుడే తేనె డబ్బాలతో ఇంకో ఎక్సెల్ వచ్చి ఆగింది. ఆయన ఒడియాలో "భయపడకు" అని, బ్రేకు కేబుల్ చివర నట్టు రెండు చుట్లు వదులు చేసి, స్టాండ్ వేసి చక్రం చేత్తో తిప్పి చూపించాడు. అది తేలిగ్గా తిరిగి తిరిగి దానంతటదే ఆగింది. పై మలుపు దాకా నా చిన్న మూట తన బండి మీద వేసుకున్నాడు కూడా. ఈ దారిలో ఎక్సెల్‌వాళ్లం ఒకరి కోసం ఒకరం ఆగుతాం, ఎవరూ నేర్పలేదు. ఆ రోజు నుంచీ సర్వీసింగ్ అయ్యాక చక్రం తిప్పి చూడకుండా డబ్బులు ఇవ్వను.

మైలేజీ చదునులో 60కి అటూ ఇటూ, మూటలతో కొండెక్కితే 45 దాకా వస్తోంది. ట్యాంకు 4 లీటర్లే కాబట్టి ఊళ్లోనే నింపుకుని వెళ్తాను. చలికాలం తెల్లారుజామున కూడా స్విచ్ నొక్కగానే స్టార్ట్ అవుతుంది.

ఆదివారం వెనక సీటు మళ్లీ బిగిస్తాను. మా అత్తమ్మకి మోకాళ్ల నొప్పులు. ఆటో ఎక్కడానికే ఆపసోపాలు పడుతుంది, ఎక్సెల్ వెనక మాత్రం పక్కకి తిరిగి కూర్చుని నా నడుం పట్టుకుంటుంది. మహేంద్రతనయ నది దాటి పాతపట్నంలో వాళ్ల చెల్లెలింటికి వెళ్లి వస్తాం.

కొనాలనుకుంటే నా మాట ఒకటి. షోరూమ్ ముందు చదును రోడ్డు మీద నడిపి చూడకండి. మీలాంటి పని చేసే వాళ్ల ఎక్సెల్ ఒకటి అడిగి తీసుకుని, మీరు రోజూ మోసేంత బరువు వేసి, ఎత్తు మీద ఒకసారి ఆపి మళ్లీ కదిలించండి. కదిలితే కొనుక్కోండి.