గ్లాసీ స్క్రీనా, మ్యాట్ స్క్రీనా? ముందు మీ వెనకాల ఏముందో చూసుకోండి

ఈ నెల రోజుల్లో ఇదే ప్రశ్న నన్ను ఐదారుగురు అడిగారు. ఇంజనీరింగ్‌లో చేరబోయే పిల్లల తల్లిదండ్రులు ఇద్దరు, నాలాగే తెలుగు ప్రూఫులు దిద్దే మిత్రుడొకరు, మొన్నటికి మొన్న మా మేనకోడలు. ఏప్రిల్లో నేను కొత్త లాప్‌టాప్ కొన్నాను, కొనేముందు రెండు వారాలు షాపుల చుట్టూ తిరిగి ఇదే చూశాను, కాబట్టి ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను. గ్లాసీ అంటే అద్దంలా మెరిసేది, మ్యాట్ అంటే మెరవనిది అన్నంత వరకూ మీకు తెలుసు కదా, అది వదిలేస్తాను.

నేను తీసుకున్నది మ్యాట్. అలాగని అందరూ మ్యాటే కొనాలని నేననను, గ్లాసీ మేలైన సందర్భాలు నిజంగానే ఉన్నాయి.

నా పాతది గ్లాసీ, ఆరేళ్లు వాడాను. విజయవాడలో మా ఇంటి ముందుగదిలో నా బల్ల, నా వీపు వెనక కిటికీ, కిటికీ అవతల ఎదురింటివాళ్ల తెల్లటి గోడ. పొద్దున పది దాటిందంటే ఎండంతా ఆ గోడ మీదే. స్క్రీన్‌లో సగభాగం ఆ గోడే కనిపించేది, మిగతా సగంలో నా చొక్కా. పోయినేడు ఒక పుస్తకం ప్రూఫులో 'అర్థం' అని ఉండాల్సిన చోట నాలుగు సార్లు 'అర్ధం' అని పడింది, నాలుగూ నా కళ్ల ముందు నుంచే దాటిపోయాయి. రెంటికీ తేడా పొట్టలో ఒక్క చుక్కే. పుస్తకం అచ్చయి చేతికొచ్చాక చూసుకుని చాలా బాధపడ్డాను. తెలుగులో ఇలాంటివి బోలెడు, గుడికీ గుడిదీర్ఘానికీ, మకీ యకీ, పకీ షకీ మధ్య ఉన్నది ఒక చిన్న గీతో మెలికో మాత్రమే. రోజుకి ఎనిమిది గంటలు ఇవే చూసేవాడికి స్క్రీన్ మీద అక్షరం తేటగా ఉందా లేదా అన్నదే అన్నిటికన్నా పెద్ద విషయం.

అసలు ఎంత తేడా పడుతుందో ఒకసారి లెక్క వేసుకున్నాను. నడినెత్తి ఎండలో వెలుతురు లక్ష లక్స్ దాకా ఉంటుంది (లక్స్ అంటే ఒక చోట పడే వెలుతురుకి కొలత). తెల్లగోడ అందులో ముప్పావు వంతు తిప్పికొట్టిందనుకున్నా, గోడ మెరుపు 20 వేల నిట్స్ దాటుతుంది (నిట్స్ అంటే ఒక వస్తువు మన కంటికి ఎంత మెరుస్తుందో చెప్పే వేరే కొలత). ఏ పూతా లేని మామూలు అద్దం తన మీద పడ్డ వెలుగులో సుమారు 4 శాతం వెనక్కి కొడుతుంది, అంటే 800 నిట్స్. మనం కొనే మధ్యతరగతి లాప్‌టాప్‌ల స్క్రీన్ మెరుపు 250, లేదంటే 300 నిట్స్. ఇక చూడండి, ఆ గోడ బొమ్మ పడిన చోట స్క్రీన్ మీది తెల్లకాగితం మెరుపు, దాని 250కి గోడ 800 కలిసి, 1050 అయితే నల్లక్షరం మెరుపు 800. నలుపనేదే లేకుండా పోయింది. అక్షరం చదవాలంటే కళ్లు చికిలించాల్సిందే. పైగా అద్దంలో కనిపించే గోడ స్క్రీన్ మీద ఉన్నట్టు కాకుండా, దాని వెనక ఎంతో దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకని కన్ను ఒకసారి దాని మీదకీ ఒకసారి అక్షరం మీదకీ లాగబడుతుంటుంది. సాయంత్రానికి కణతలు లాగడం నాకైతే అలవాటైపోయింది.

మ్యాట్ ఏం చేస్తుందంటే, చాలామంది అనుకున్నట్టు ఆ వెలుగుని తగ్గించదు, చెదరగొడుతుంది. పైపొర మీద కంటికి కనిపించనంత సన్నటి గరుకు ఉంటుంది, దాని మీద పడ్డ కిటికీ బొమ్మ ముక్కలై నలువైపులా పరుచుకుంటుంది. ఒక్కచోట కళ్లు జిగేల్మనే బదులు స్క్రీనంతా పల్చటి తెల్లపొర కప్పినట్టవుతుంది. ఆ పల్చటి పొరలో నల్లక్షరం నల్లగానే ఉంటుంది, కాస్త బూడిదరంగు తిరిగినా చదవడానికి ఇబ్బంది లేదు. అయితే నేరుగా ఎండే స్క్రీన్ మీద పడితే మాత్రం మ్యాట్ మొత్తం తెల్లబారిపోతుంది, అప్పుడు గ్లాసీయే మేలు, ఎందుకంటే దాన్ని కొద్దిగా వంచితే సూర్యుడి బొమ్మ పక్కకి పోతుంది. డాబా మీద కూర్చుని పని చేద్దామనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకో గందరగోళం ఉంది. కళ్లద్దాల షాపులో 'యాంటీ గ్లేర్' అని అమ్మేదీ, లాప్‌టాప్ వివరాల్లో 'యాంటీ గ్లేర్' అని రాసేదీ ఒకటి కాదు. కళ్లద్దాల మీద వేసేది ప్రతిబింబాన్ని నిజంగానే తగ్గించే పూత, పక్కకి తిప్పి చూస్తే ఆకుపచ్చగానో ఊదాగానో మెరుస్తుంది చూడండి, అది. లాప్‌టాప్‌లో యాంటీ గ్లేర్ అంటే మ్యాట్ అనే అర్థం. ఆ కళ్లద్దాల పూతలాంటిది ఖరీదైన గ్లాసీ స్క్రీన్ల మీద ఉంటుంది, మ్యాక్‌బుక్‌లు అలాంటివే, దాన్ని 'యాంటీ రిఫ్లెక్టివ్' అంటారు. ఆ పూత ఉన్న గ్లాసీకీ లేని గ్లాసీకీ చాలా తేడా ఉంటుంది. తక్కువ ధరలో వచ్చే గ్లాసీలకి చాలా వరకు అది ఉండదు, ఉన్నా నామమాత్రం.

ఇక గ్లాసీ గొప్పతనం గురించి. చీకటి గదిలో సినిమా చూస్తే గ్లాసీలో నలుపు నలుపులా ఉంటుంది, రంగులు కళకళలాడతాయి. అక్షరాల అంచులు కూడా చెక్కినట్టుంటాయి. మ్యాట్ గరుకు ముతకగా ఉంటే తెల్లపేజీ మీద సన్నటి పంచదార చల్లినట్టు మెరమెరలాడుతుంది, పాత మ్యాట్ స్క్రీన్లలో ఇది నాకు చిరాకు తెప్పించేది, ఇప్పుడొచ్చేవాటిలో బాగా తగ్గింది. వెలుతురు మన అదుపులో ఉన్న గదిలో నా ప్రూఫులకైనా సరే మంచి గ్లాసీయే ఒక పిసరు మేలని ఒప్పుకుంటాను.

కానీ 'మ్యాట్‌లో రంగులు చచ్చిపోతాయి' అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. షాపులో మీరు పక్కపక్కన పెట్టి చూసే 40 వేల మ్యాట్ లాప్‌టాప్‌లో తరచూ ఉండేది 45 శాతం ఎన్‌టీఎస్‌సీ ప్యానెల్ (ప్యానెల్ అంటే బొమ్మని చూపించే లోపలి తెర, ఎన్‌టీఎస్‌సీ అనేది రంగుల విస్తృతికి ఒక కొలత). అది చూపించగలిగే రంగులే తక్కువ. పక్కనున్న 75 వేల గ్లాసీ ఓఎల్ఈడీ, అంటే ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం తెర, ఎలాగూ వెలిగిపోతుంది. తప్పు ప్యానెల్‌ది, నింద మ్యాట్‌కి. వివరాల్లో '100 శాతం ఎస్‌ఆర్‌జీబీ' (కంప్యూటర్ తెరలకి ప్రామాణికమైన రంగులన్నీ చూపిస్తుందని అర్థం) అని ఉన్న మ్యాట్ ఒకసారి చూడండి, మీకే తెలుస్తుంది. ఫొటోలు, అచ్చుపని చేసే నిపుణులు వాడే ఐజో కలర్ఎడ్జ్ మానిటర్లు మ్యాట్ స్క్రీన్లే, పైగా పక్క వెలుతురు పడకుండా చుట్టూ గొడుగులాంటి హుడ్ పెట్టుకుంటారు. రంగులకి మ్యాట్ పనికిరాదంటే వాళ్లెందుకు వాడతారు?

నా దృష్టిలో అసలు తేల్చేది ఒక్కటే, కూర్చునే చోటు మీ చేతిలో ఉందా లేదా. సొంత గది, సొంత బల్ల ఉండి, కిటికీ మీకు పక్కగా వచ్చేలా బల్ల తిప్పుకోగలిగితే గ్లాసీతో ఇబ్బంది దాదాపు ఉండదు. అలా కాకుండా హాస్టల్లో వార్డెన్ ఇచ్చిన మంచం మీద, పీజీలో నలుగురి మధ్య, ఆఫీసులో ఎవరో కేటాయించిన సీట్లో, రైల్లో కిటికీ పక్కన పని చేసేవాళ్లకి వెలుతురు ఎటునుంచి వస్తుందో ఎంచుకునే వీలు ఎక్కడుంది? మనవైపు చాలా ఇళ్లలో ట్యూబ్‌లైటు గోడకి ఎత్తుగా బిగించి ఉంటుంది, దానికి వీపు పెట్టి కూర్చుంటే గ్లాసీ స్క్రీన్ మీద అడ్డంగా తెల్లటి కడ్డీ ఒకటి ఉండిపోతుంది. స్క్రీన్ వంచితే ఆ కడ్డీ కిందకి జరుగుతుందే కానీ పోదు. అది కనిపించకుండా బ్రైట్‌నెస్ పెంచుతూ పోతే బ్యాటరీ ఆవిరైపోతుంది.

మా మేనకోడలు "మావయ్యా, షాపులో రెండూ బాగానే కనిపిస్తున్నాయి, ఎలా తేల్చుకోవాలి?" అంది. షాపులో తేలదమ్మా, నువ్వు చదువుకునే చోట తేలుతుంది అన్నాను. మీరూ ఇలా చేయండి. ఫోన్ స్క్రీన్ ఆపేసి, మీరు రోజూ కూర్చునే చోట కూర్చుని, లాప్‌టాప్ తెర ఎక్కడుంటుందో అక్కడ అదే వాలులో ఫోన్ని పట్టుకోండి. ఆ నల్లటి అద్దంలో ఏం కనిపిస్తే మీ గ్లాసీ లాప్‌టాప్‌లో అదే కనిపిస్తుంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, లైట్లు వేశాక ఒకసారి చూడండి. మూడుసార్లూ ఖాళీ గోడే కనిపిస్తే నిశ్చింతగా గ్లాసీ తీసుకోండి. తను చూసుకుని, మధ్యాహ్నం బాల్కనీ తలుపు, రాత్రి ట్యూబ్‌లైటు కనిపిస్తున్నాయంది. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్న మ్యాట్ తీసుకుంది.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. టచ్‌స్క్రీన్ కావాలంటే చాలావరకు గ్లాసీయే దొరుకుతుంది, ఓఎల్ఈడీ కూడా అంతే. ఆపిల్ 2024లో వచ్చిన ఎం4 మ్యాక్‌బుక్ ప్రో నుంచి నానో టెక్స్చర్ అనే మ్యాట్ అద్దం ఇస్తోంది, అమెరికాలో దానికి 150 డాలర్లు అదనం. బాగుంటుంది, అంత పెట్టగలిగితే పెట్టండి. గ్లాసీ కొని పైన మ్యాట్ ఫిల్మ్ అంటించుకోవడం మాత్రం వద్దు, నేను పాతదానికి అంటించి చూశాను, అక్షరాల చుట్టూ రంగురంగుల నలకలు కనిపించాయి, వారంలో పీకేశాను.

మ్యాట్ తీసుకున్నవాళ్లు తుడిచేటప్పుడు జాగ్రత్త. వేలిముద్రలు దీనిమీద గ్లాసీ అంత కొట్టొచ్చినట్టు కనిపించవు కానీ, నూనె మరక ఆ గరుకులో ఇంకితే ఒక పట్టాన వదలదు. కిటికీ అద్దాలకి వాడే స్ప్రే కొట్టొద్దు, పాత బనీను గుడ్డతో రుద్దొద్దు. లాప్‌టాప్ ఆపి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డని డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపి, నొక్కకుండా ఒకే దిశలో తుడవండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఇంట్లో ఉంటే అందులోంచి నాలుగు చుక్కలు చాలు.