లయనెల్ 6464-250: నారింజ పెట్టె, నీలం ఈక

బొమ్మ రైళ్లు చేసే లయనెల్ కంపెనీ 1966లో తెచ్చిన ‘వెస్టర్న్ పసిఫిక్’ గూడ్సు పెట్టెను ఈమధ్యే తపాలాలో తెప్పించుకున్నాను. పాత బొమ్మ రైళ్లు సేకరించేవాళ్లు దీన్ని సాధారణంగా రెండో వరుసలో కూర్చోబెడతారు. వాళ్ల దృష్టిలో పెద్దపీట 1954 నాటి 6464-100కే. నేను మాత్రం ఈ పెట్టె మంచి స్థితిలో కనిపిస్తే వదలొద్దనే అంటాను.

ఈ వరుస సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. 1900లో న్యూయార్క్‌లో మొదలైన లయనెల్, 1953లో 6464 అనే అంకెతో గూడ్సు పెట్టెలు చేయడం ప్రారంభించింది. పెట్టె ఆకారం దాదాపు ఒకటే. పైన వేసే రంగు, రైల్వే కంపెనీ పేరు మారేవి, వాటితో పాటు చివరి అంకె మారేది. మొదటి ఏడాది వచ్చిన 6464-1 కూడా వెస్టర్న్ పసిఫిక్‌దే: వెండి రంగు మీద నీలం అక్షరాలు. అవే అక్షరాలు ఎర్రగా ఉన్న పెట్టె దొరకడం మహా అరుదు. మరుసటి ఏడాది వచ్చిన 6464-100కు వెండి రంగు పక్కల పొడవునా పసుపు ఈక. దాన్నే కొన్ని నారింజ రంగులో, నీలం ఈకతో చేశారు. సేకరించేవాళ్ల వెతుకులాటంతా ఈ నారింజ పెట్టె కోసమే. 1966లో కంపెనీ అదే నారింజను, అదే నీలం ఈకను 250 అంకెతో మళ్లీ తెచ్చింది. నేను కొన్నది అది.

ఆ ఈక ఉత్తి అలంకారం కాదు. అసలు వెస్టర్న్ పసిఫిక్ రైలు మార్గం కాలిఫోర్నియాలో ఫెదర్ (అంటే ఈక) నది లోయ వెంట సాగేది. అందుకే ఆ కంపెనీ ఈకను గుర్తుగా పెట్టుకుంది.

లేబుళ్ల అచ్చుపనిలో ఉన్నదాన్ని కాబట్టి ఏ బొమ్మ చేతికొచ్చినా ముందు అక్షరాలు చూస్తాను. ఈ పెట్టె పక్కల మీద రివెట్ల వరుసలు నిలువుగా పైకి పొడుచుకొని ఉంటాయి. వాటి మీదుగా ఇంత పెద్ద ఈకను అచ్చు వేయడం తేలిక పని కాదు. భూతద్దం పెట్టి చూస్తే రివెట్టు తల మీద నీలం కాస్త పలచబడింది, దాని పక్కనే సన్నటి నారింజ అంచు మిగిలిపోయింది. అయినా ఈక గీత ఎక్కడా వణకలేదు. తెల్లటి అక్షరాల మూలలు ఇప్పటికీ పదునుగా ఉన్నాయి. పిల్లల బొమ్మ మీద ఇంత శ్రద్ధ పెట్టిన ఆ కార్మికుల మీద నాకు గౌరవం పెరిగింది.

దీన్నీ 1954 నాటి నారింజ పెట్టెనూ పక్కపక్కన పెడితే తేడా రంగులో దొరకదు. అంకె చూడాలి, తలుపు చూడాలి, కింద చక్రాలు చూడాలి. పాత తలుపు మధ్యలో ఒకే పెద్ద పలక ఉంటుంది. 1955 నుంచి వచ్చిన తలుపుల మీద అనేక గళ్లు కనిపిస్తాయి. పాత పెట్టె చక్రాల చట్రాలు లోహంతో చేసినవి, 1966 నాటివి ప్లాస్టిక్‌వి. వీటిలో ఏ ఒక్కటీ సొంతంగా సాక్ష్యానికి సరిపోదు. తలుపు, చట్రం రెండూ మార్చేయవచ్చు, అంకె కూడా చెరిపి మళ్లీ అచ్చు వేయవచ్చు. మూడూ ఒకే కాలానికి కుదిరితేనే మాట ముందుకు సాగాలి. 250 అంకె పెట్టె కొంటే ఈ బెంగ చాలావరకు ఉండదు. దీన్ని దొంగగా తయారుచేసి ఎవరు మాత్రం ఏం బావుకుంటారు?

నా అసంతృప్తి అంతా అమ్మినాయన మీదే. పెట్టె స్థితిని సేకరించేవాళ్ల కొలతలో సీ-8, అంటే దాదాపు కొత్తది అని రాశాడు. వచ్చినదాన్ని పట్టి పట్టి చూస్తే సీ-6కు మించదు. పైకప్పు మూలల్లో రంగు లేచింది. ఒక పక్క తలుపు నారింజ రెండో పక్క దానికంటే ముదురుగా, మెరుస్తూ ఉంది. అది ఈ కాలంలో చేసిన బదులు తలుపు అని గోరుతో తట్టగానే తెలిసింది. ఫొటోల్లో ఆ పక్కను చూపించనే లేదు. రాసి అడిగితే కొంత డబ్బు తిరిగి పంపాడు, అంతవరకు న్యాయం చేశాడు. కానీ ముందే ఒక వాక్యం రాసి ఉంటే ఈ ఉత్తరాలే అవసరం లేకపోయేవి. అసలు అట్టపెట్టె మాత్రం కళకళలాడుతోంది. ముందు వైపు పారదర్శకమైన కిటికీ కూడా చిరగలేదు. ఈ కిటికీ అట్టపెట్టెలు త్వరగా పాడవుతాయి కాబట్టి నాకు అది పెద్ద ఊరట.

అల్మారాలో పెట్టి చూసుకోవడానికే దీన్ని కొనాలనేవాళ్లతో నేను ఏకీభవించను. మూడు పట్టాల దారి మీద ఇంజను వెనక కట్టి తిప్పాను. చక్రాలు నిశ్శబ్దంగా తిరిగాయి, మలుపుల్లో ఎక్కడా తడబడలేదు. విడదీసే పట్టా ముక్క మీద ఆపి మీట నొక్కితే కిందనున్న విద్యుదయస్కాంతం లాగగానే కొక్కెం టక్కున తెరుచుకుంది. తయారైన ఇన్నేళ్లకు కూడా ఒక్క నొక్కుకే పనిచేసింది.

కొనేవాళ్లు రెండు పక్కల తలుపులవీ, అడుగు భాగానిదీ పగటి వెలుతురులో తీసిన ఫొటోలు అడగండి. పంపడానికి వెనకాడేవాడి దగ్గర కొనకండి. నేను ఇప్పుడు ఆ ఒక్క పక్కకు 1960ల నాటి నారింజ తలుపు వెతుకుతున్నాను.