సొంతంగా కుట్టుకున్న హ్యామక్ టార్ప్: కొన్ని వానాకాలాలు వాడాక

బెంగళూరులో ఉంటూ వారాంతాల్లో సకలేశ్‌పుర, కొడగు వైపు వెళ్లి, రెండు చెట్ల మధ్య కట్టే గుడ్డ ఉయ్యాల, అంటే హ్యామక్‌లో పడుకునే అలవాటున్నవాళ్లకి నా సలహా: మిషన్ మీద తిన్నగా కుట్టు వేయడం వస్తే, దాని మీద వానకి అడ్డంగా కట్టే గుడ్డ కప్పు (టార్ప్) కొనకండి, కుట్టుకోండి. మారతహళ్లిలో మా ఫ్లాట్ హాల్లో, అమ్మ ఇచ్చిన పాత ఉషా మిషన్ మీద కుట్టినదాన్నే కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఆ మలెనాడు కొండల జూలై వానలో కూడా దాని కింద హాయిగా నిద్రపోయాను.

ముందు గుడ్డ సంగతి. ఊళ్లో ధాన్యం మీద కప్పే బరకం 120 జీఎస్‌ఎం రకమైతే చదరపు మీటరుకి 120 గ్రాములు. హ్యామక్ మీదకి సుమారు పది చదరపు మీటర్లు కావాలి, అంటే కేజీ దాటిపోతుంది. గొడుగు గుడ్డ తేలికే కానీ, దాని లోపలి పూత కొన్నాళ్లకి తేమ తగిలి పొలుసులుగా లేచిపోతుంది. నేను తీసుకున్నది సిల్‌పాలీ. సన్నటి 20 డెనియర్ (డెనియర్ అంటే దారం మందం కొలత) పాలియెస్టర్‌కి రెండువైపులా సిలికాన్ పట్టిస్తారు. చదరపు మీటరుకి 45 గ్రాములు అటూ ఇటూ ఉంటుంది. నాడాలు, తాళ్లు అన్నీ కలిపినా నా టార్ప్ అరకేజీ దగ్గరే ఆగింది. సిల్‌నైలాన్ కూడా దొరుకుతుంది, చిరుగు పట్టకుండా అది ఇంకాస్త గట్టిగా నిలుస్తుంది. కానీ నైలాన్ నీళ్లు పీల్చి సాగుతుంది. నా స్నేహితుడు అర్ధరాత్రి వానలో లేచి తాళ్లు బిగించుకోవడం చూశాను. పాలియెస్టర్‌తో ఆ బాధ చాలా తక్కువ.

కొలతలు సులభమే. 11 అడుగుల హ్యామక్‌ని సరైన వాలులో కడితే దాని రెండు కొసల మధ్య దూరం తొమ్మిది అడుగుల పైచిలుకు ఉంటుంది. టార్ప్ నడికప్పు, అంటే పైన మధ్యలో పొడవునా వచ్చే గీత, 11 అడుగులుంటే అటూ ఇటూ దాదాపు అడుగు చొప్పున మిగులుతుంది, జల్లు లోపలికి రాదు. మీటరున్నర పన్నా ఉన్న గుడ్డ రెండు ముక్కలు తీసుకుని పొడవునా కలిపితే సరిపోతుంది.

అసలు పనితనమంతా అంచుల వంపులో ఉంది. అంచుని తిన్నగా కత్తిరిస్తే మూలలు ఎంత లాగినా మధ్యలో గుడ్డ వదులుగా వేలాడి గాలికి టపటపా కొట్టుకుంటుంది. అంచు మధ్యలో కాస్త లోపలికి వంగి ఉంటే, మూలల దగ్గర లాగిన బిగువు అంచంతా సమానంగా పాకుతుంది. ఆ వంపు గీయడానికి లెక్కలేమీ అక్కర్లేదు. గోడకి అంచు పొడవంత దూరంలో రెండు మేకులు కొట్టి, సన్నటి గొలుసు వేలాడదీసి, మధ్యలో 12 సెంటీమీటర్లు దిగేలా సరిచేసి, దాని వెంట కాగితం మీద గీత గీసుకున్నాను. ఇప్పటికీ టార్ప్ కట్టాక వేలితో కొడితే గుడ్డ బిగువుగా మోగుతుంది. ఈ ఒక్క వంపు కోసమైనా సొంతంగా కుట్టుకోవచ్చంటాను.

కుట్టడంలో చిక్కు ఒక్కటే, ఆ గుడ్డ చేపలా జారిపోతుంది. మా వీధిలో బ్లౌజులు కుట్టే మదనపల్లె అక్కకి ఒక ముక్క చూపిస్తే, రెండు వేళ్లతో నలిపి చూసి, "తమ్ముడూ, పై దారం టెన్షన్ తగ్గించు. మిషన్ పళ్లు దీన్ని లాక్కోలేవు. ముందూ వెనకా రెండు చేతులతో బిగించి పట్టుకుని నువ్వే నడిపించాలి" అంది. అక్షరాలా అలాగే కుట్టాను. సూది 11వ నంబరు, దారం పాలియెస్టర్‌దే, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు. నూలు దారం వద్దు, అది నీళ్లు లాగుతుంది, కుళ్లుతుంది. కుట్లు మరీ దగ్గరగా పడితే గుడ్డ ఆ గీత వెంటే చిరుగుతుంది. గుండుసూదులు పెడితే ప్రతి రంధ్రమూ కారుతుంది కాబట్టి బట్టలారేసే క్లిప్పులు వాడాను. నడికప్పు కుట్టుని జీన్స్ ప్యాంటు కాలి కుట్టులా రెండు అంచులూ ఒకదాంట్లో ఒకటి మడిచి రెండు వరుసలు వేయాలి. నాడాలు, దారాలు చిక్‌పేట చుట్టుపక్కల సందుల్లో దొరికాయి, సిల్‌పాలీ మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించాను.

కుట్టడం అయ్యాక కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తే, సూది దిగిన చోటల్లా సన్నటి వెలుగు చుక్క. వాటిని మూయకపోతే పడిన శ్రమంతా వృథా. సిలికాన్ గుడ్డకి సిలికాన్ తప్ప ఇంకేదీ అంటుకోదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే పారదర్శక సిలికాన్ ట్యూబుని పెయింట్ షాపు టర్పెంటైన్‌తో పల్చగా కలిపి, బ్రష్‌తో కుట్టు మీద పూసి, రాత్రంతా ఆరనిచ్చాను. మడతలో అంటుకోకుండా పైన కాస్త పౌడర్ చల్లాను. కిటికీలు తెరిచి పెట్టుకోండి, ఘాటు ఎక్కువ.

వాడకంలో ఎలా ఉందంటే, కాఫీ తోటల్లో నీడకి పెంచే సిల్వర్ ఓక్ చెట్ల మధ్య చక్కగా కుదురుతుంది. తోట యజమాని అనుమతి తీసుకోండి, చెట్టుకి వెడల్పాటి పట్టీలే వాడండి, సన్నటి తాడు బెరడు కోసేస్తుంది. జడివానలో నడికప్పు నుంచి ఒక్క చుక్క కారలేదు. నీళ్లు వచ్చేది హ్యామక్ తాడు వెంట. టార్ప్ కిందే, తాడు మీద ఒక చిన్న నూలు దారం ముడి వేస్తే నీళ్లు అక్కడే జారి కింద పడతాయి. తెల్లవారుజామున చలికి లోపలివైపు చెమ్మ పడుతుంది, దానికి టార్ప్‌ని కాస్త ఎత్తుగా కట్టడమే మందు.

అరుగుదల మూలల దగ్గరే కనిపించింది. తాడు కట్టే ఒక మూల ఉచ్చు కుట్టు వదులైతే, ముందుకీ వెనక్కీ నాలుగు వరుసలు మళ్లీ వేశాను, పది నిమిషాల పని. గుడ్డ రంగు కొంచెం వెలిసింది, నీటిని ఆపడంలో మాత్రం తేడా రాలేదు.

దీనికి ఉన్న కొరత ఒకటే. గాలి అడ్డంగా కొడితే గుడ్డ మధ్యలో లోపలికి ఒంగి హ్యామక్‌కి తగులుతుంది. అందుకే ఈ వానలకి ముందు రెండు పక్కలా మధ్యలో, గుడ్డని తాడుతో బయటికి లాగి కట్టడానికి, లాగుడు ఉచ్చులు వేస్తున్నాను. మిగిలిన గుడ్డలోంచి గుండ్రటి ముక్క కోసి, సిలికాన్‌తో అతికించి, నాడా ఉచ్చు కుట్టి, ఆ రంధ్రాలు కూడా సిలికాన్‌తోనే మూస్తాను.